రొమ్ము మీద చర్మం మారితే: మన ఒంటిరంగులో ఏం చూడాలి

రొమ్ము క్యాన్సర్ అంటే గడ్డ అనే అందరికీ తెలుసు. అది తప్పేమీ కాదు, ఎక్కువమందిలో మొదట చేతికి తగిలేది గడ్డే. కానీ గడ్డేమీ తగలకుండా చర్మం మీదే తేడా కనిపించే రకాలు కూడా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం మన వైపు ఇంకాస్త కష్టం. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు చాలావరకు తెల్లవాళ్ల ఒంటివి. "రొమ్ము ఎర్రబడుతుంది" అని కింద రాసి ఉంటుంది. బంగారుపాళ్యం మామిడితోటల్లోనో, పలమనేరు పక్క టమాటా చేలల్లోనో పొద్దంతా ఎండలో పనిచేసే మనిషి ఒంటి మీద ఆ ఎరుపు ఎరుపుగా కనబడదు. ఎరుపు లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. నెలలు గడిచిపోయేది అక్కడే.

చామనఛాయ నుంచి నలుపు దాకా ఉండే మన చర్మంలో లోపల వాపు మొదలైతే రంగు ఊదాగానో, ముదురు గోధుమగానో, దెబ్బ తగిలి కమిలినట్టుగానో మారుతుంది. ఒక్కోసారి చుట్టుపక్కల కంటే కొంచెం నల్లబడుతుందంతే. కొందరిలో రంగు ఏమాత్రం మారదు. అందుకే రంగొక్కటే చూసి తేల్చుకోవద్దు. చర్మం బిగిసి నూనె రాసినట్టు మెరుస్తోందా చూడండి. చేతి వెనకవైపుతో రెండు రొమ్ముల మీదా ఒకే చోట ఆనించి, ఒకటి వేడిగా ఉందేమో గమనించండి. అరచేతి కంటే చేతి వెనకవైపుకు వేడి బాగా తెలుస్తుంది.

బ్రా గానీ బిగుతు జాకెట్ గానీ విప్పాక కుట్లు, పట్టీల గుర్తులు రెండు వైపులా ఒకే తీరుగా పడి కాసేపట్లో చెరిగిపోవాలి. ఒక వైపు మాత్రం గుర్తు లోతుగా పడి గంట గడిచినా పోకపోతే, అక్కడ చర్మంలో నీరు చేరి ఉండొచ్చు. ఎప్పుడూ వేసుకునే జాకెట్టే ఈమధ్య ఒక వైపు మాత్రం బిగుతైందంటే ఒళ్లు వచ్చిందనుకోకండి. ఒళ్లు వస్తే రెండు వైపులా వస్తుంది. పుట్టుకతోనే కొంచెం చిన్నాపెద్దా ఉండటం మామూలే, ఎప్పటి నుంచో ఉన్న తేడా గురించి కంగారు వద్దు. కొత్తగా వచ్చిన తేడానే పట్టించుకోవాల్సింది.

ఇక అందరూ చెప్పే, చర్మం కమలాపండు తొక్కలా మారే సంగతి. డాక్టర్లు కూడా దాన్ని అదే పేరుతో పిలుస్తారు. అది ఎందుకు వస్తుందో తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. రొమ్ములో కొవ్వు, పాలగ్రంథుల మధ్య నుంచి సన్నటి నారపోగులు చర్మం దాకా వచ్చి అతుక్కుని ఉంటాయి. వాటిని కూపర్ లిగమెంట్లు అంటారు. చర్మం కింద లింఫ్ అనే ద్రవాన్ని మోసుకెళ్లే సన్నటి నాళాలుంటాయి. క్యాన్సర్ కణాలు ఆ నాళాల్లో అడ్డుపడితే ద్రవం కదలక చర్మం ఉబ్బుతుంది. అయితే నారపోగులు, వెంట్రుకల కుదుళ్లు చర్మాన్ని లోపలికి పట్టి ఉంచిన చోట అది ఉబ్బలేదు. అక్కడ గుంటలు, చుట్టూ ఉబ్బు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలన్నీ ఒకచోట కనిపిస్తాయి. నీరు కిందికి దిగుతుంది కాబట్టి ఇది తరచూ రొమ్ము కింది సగంలో మొదలవుతుంది. నిలబడి కిందికి తొంగి చూస్తే ఆ భాగం మీకు కనిపించదు. రొమ్మును చేత్తో ఎత్తి అద్దంలో చూడాల్సిందే.

వెలుతురు కూడా ముఖ్యం. బాత్‌రూమ్‌లో నెత్తి మీద వెలిగే ట్యూబులైటు కింద ఈ గుంటలు దొరకవు. పొద్దున కిటికీ పక్కన అద్దం పెట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడేట్టు నిలబడండి. అది కుదరకపోతే ఫోన్ టార్చి వెలిగించి చర్మానికి దాదాపు ఆనించినట్టు పక్కగా పట్టండి, గుంటల నీడలు పడతాయి. ఆ తర్వాత బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మెల్లగా మడతగా పట్టి చూడండి. రెండో రొమ్ములో అదే చోట పట్టిన మడత కంటే ఇది మందంగా, గట్టిగా ఉంటే, గుంటలు సరిగా కనబడకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

సొట్ట వేరే విషయం. లోపల పెరుగుతున్న గడ్డ ఆ నారపోగులను లాగితే, చర్మం ఒకచోట లోపలికి పోతుంది. అది నిలబడినప్పుడు కనబడకపోవచ్చు. చేతులు రెండూ పైకెత్తినప్పుడో, నడుం మీద చేతులు పెట్టి గట్టిగా నొక్కినప్పుడో, ముందుకు వంగినప్పుడో బయటపడుతుంది. జడ వేసుకునేటప్పుడు, దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు చెయ్యి పైకి లేస్తుంది కదా, ఆ భంగిమలోనే చాలామందికి మొదటిసారి కంటబడుతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సొట్ట కనిపించగానే "ఇంక ముదిరిపోయింది" అని ఆశ వదులుకునే వాళ్లున్నారు. అది నిజం కాదు. జబ్బు ఏ దశలో ఉందో లెక్కగట్టే పద్ధతిలో చర్మం పుండుపడటం, కమలా తొక్కలా ఉబ్బడం ముదిరిన గుర్తులే. ఒట్టి సొట్ట, లోపలికి పోయిన చనుమొన మాత్రం వాటంతట అవే దశను పెంచవు. సొట్ట కింద ఉన్న గడ్డ చిన్నదే అయి ఉండొచ్చు. అప్పుడు దొరికితే రొమ్ము మొత్తం తీసేయకుండా గడ్డ వరకే తీసి, తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే అవకాశం చాలామందికి ఉంటుంది.

అన్నింటికంటే తొందరపడాల్సింది ఇన్‌ఫ్లమేటరీ అనే రకం విషయంలో. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇది కొద్ది శాతమే, అమెరికా లెక్కల్లో 1 నుంచి 5 శాతం. కానీ దీని వేగం ఎక్కువ. వారాల్లోనే రొమ్ములో మూడో వంతో అంతకంటే ఎక్కువో రంగు మారి, వేడెక్కి, బరువెక్కి, చర్మం మందమవుతుంది. చాలామందిలో గడ్డ అంటూ ఏదీ తగలదు. రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్‌లో కూడా చర్మం మందమైనట్టు తప్ప ఇంకేమీ కనిపించకపోవచ్చు. కాబట్టి "ఫిల్ములో ఏమీ లేదంట" అన్న మాటతో ఇంటికి వచ్చేయకండి. చర్మం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించమని అడగండి. ఆ ముక్కలో ఏమీ దొరక్కపోయినా రొమ్ము అట్లానే ఉంటే మళ్లీ వెళ్లాలి. దీన్ని మొదట్లో ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తారు, అందులో తప్పు లేదు. 7 నుంచి 10 రోజులు మందు వాడినా పూర్తిగా తగ్గకపోతే మాత్రం ఇంకో కోర్సు కాదు కావాల్సింది, స్కానింగూ ముక్క పరీక్షా.

ఈ రకానికి వైద్యం వరస కూడా వేరు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు. "ముందు కోసి పారేస్తే పోతుంది కదా" అని ఇంట్లో పెద్దవాళ్లు డాక్టరు మీద ఒత్తిడి పెట్టడం మామూలే. ఈ జబ్బులో అట్లా ముందే కోస్తే, చర్మంలోని నాళాల్లో ఉన్న కణాలు అక్కడే మిగిలిపోతాయి.

చనుమొన దగ్గర పేజెట్ జబ్బు అని ఒకటుంది. 1874లో జేమ్స్ పేజెట్ అనే ఇంగ్లండు వైద్యుడు దీని గురించి రాశాడు. చూడ్డానికి అచ్చం ఎగ్జిమా అనే తామరలాగే ఉంటుంది: పొట్టు రాలడం, దురద, మంట, పుండుపడి పక్కుకట్టడం. తేడా ఎక్కడంటే, పేజెట్ చనుమొన మీద మొదలై చుట్టూ ఉన్న నల్లటి వలయంలోకి పాకుతుంది. తామర ఎక్కువగా ఆ వలయంలో మొదలవుతుంది, తరచూ రెండు వైపులా వస్తుంది. పేజెట్ దాదాపు ఎప్పుడూ ఒక వైపే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి అదే రొమ్ము లోపల కూడా క్యాన్సర్ ఉంటుంది. ఒక వైపు చనుమొన మీది పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే ఇంకో ఆయింటుమెంటు మార్చి చూడటం మానేయండి.

ఆయింటుమెంటు మాట వచ్చింది కాబట్టి. మందుల షాపులో "దురదకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది రాస్తే పేజెట్ పుండు కూడా కొన్నాళ్లు తగ్గినట్టే కనిపిస్తుంది, దురద పోతుంది. లోపలి జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ ట్యూబు. ఇట్లా ఏడాది గడిచిన కేసులు ఏ క్యాన్సర్ విభాగానికీ కొత్త కాదు.

ఇంటి మందులదీ ఇదే కథ. సెగగడ్డలకు వేసినట్టే సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. ఉమ్మెత్తాకు వేడి చేసి కట్టు కడతారు. సున్నం రొమ్ము మీది పలచటి చర్మాన్ని కాల్చేస్తుంది. అప్పుడు డాక్టరుకు ఆ ఉబ్బు జబ్బుదా, సున్నం కాల్చిందా అనేది తేల్చడమే ఒక పని అవుతుంది. పసుపు మెత్తితే హాని లేదు గానీ రంగు పట్టి అసలు మార్పు కనబడదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులు ఏమీ రాయకండి. ఇప్పటికే రాసి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు. తిట్టినా చెప్పండి.

తిరుపతిలో ఏప్రిల్, మే ఎండలకు రొమ్ము కింద మడతలో ఒరుసుకుపోయి చెమటకాయలు, తామర రావడం చాలా మామూలు విషయం. దాన్ని చూసి భయపడనక్కర్లేదు. అది మడతలోనే ఉంటుంది, తరచూ రెండు వైపులా వస్తుంది, బాగా దురద పెడుతుంది, అంచు చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటాయి. ఆ చోటును తడి లేకుండా తుడుచుకుని, నూలు బట్ట వేసుకుని, స్టెరాయిడ్ లేని క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు రెండు వారాలు రాస్తే చాలావరకు తగ్గిపోతుంది. మడత దాటి రొమ్ము మీదికి పాకితే, ఒక వైపే ఉంటే, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

చనుమొన ఎప్పటి నుంచో లోపలికే ఉంటే అది మీ ఒంటి తీరు. నిన్నటిదాకా బయటికి ఉన్నది ఈమధ్య లోపలికి పోయినా, ఒక పక్కకు తిరిగినా చూపించాలి. స్రావం విషయంలో, పిండితే వచ్చేది లెక్కలోకి రాదు, కాబట్టి పిండి చూడకండి. దానంతట అదే వచ్చి జాకెట్‌కు మరక కావడం, ఒక వైపే, ఒకే రంధ్రం నుంచి రావడం, నెత్తురుగానో నీళ్లలాగానో ఉండటం ముఖ్యమైన గుర్తులు. నెత్తురు పడినా చాలాసార్లు పాపిలోమా అనే, పాలనాళంలో పెరిగే క్యాన్సర్ కాని చిన్న గడ్డే కారణమవుతుంది. అయినా పరీక్ష లేకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. రెండు వైపులా పాలలా వస్తుంటే అది వేరే లెక్క: వాంతులకు వాడే డాంపెరిడాన్, కొన్ని మానసిక వైద్యం మందులు, థైరాయిడ్ తేడాలు కారణం కావొచ్చు. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

పాలిచ్చే తల్లులకు పాలగడ్డ కట్టడం, చలిజ్వరం, ఒక పక్క ఎర్రబడి సలపడం మామూలే. పాలివ్వడం ఆపకుండా, మందులు వాడితే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. తగ్గకుండా రెండు వారాలు దాటితే అల్ట్రాసౌండ్ చేయించాలి. కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు ఈ జబ్బు రాదని చాలామంది అనుకుంటారు. అరుదే గానీ వస్తుంది. "పాల వల్లే" అన్న మాటతోనే దాన్ని ఆలస్యంగా కనిపెడతారు.

గడ్డ గురించి ఎక్కువ రాయను. రాయిలా గట్టిగా, అంచులు సరిగా తెలియకుండా, కదలకుండా ఉండేది అనుమానించాల్సిన గడ్డ. వేళ్ల కింద జారిపోయే నున్నటి గడ్డలు చిన్న వయసులో ఎక్కువగా ఫైబ్రోఅడినోమాలనే క్యాన్సర్ కాని గడ్డలే. నొప్పి లేకపోవడాన్ని మంచి గుర్తు అనుకోవడమే మనవాళ్లలో అతి పెద్ద పొరపాటు. మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పెట్టదు. చంకలో, మెడపట్టీ ఎముక పైన బిళ్లలు కట్టాయేమో కూడా తడిమి చూడండి. మగవాళ్లకు కూడా వస్తుంది, ఈ జబ్బు వచ్చిన ప్రతి నూరు మందిలో సుమారు ఒకరు మగవాళ్లే. సాధారణంగా చనుమొన కిందే గట్టిగా తగులుతుంది.

ఎప్పుడు చూసుకోవాలి? బహిష్టు మొదలైన రోజు నుంచి 7 నుంచి 10 రోజుల మధ్య, రొమ్ములు మెత్తగా ఉన్నప్పుడు. బహిష్టు ఆగినవాళ్లు నెలకొక గుర్తుండే రోజు పెట్టుకోవాలి. కొండ మీద గరుడసేవ, అరుణాచలం గిరిప్రదక్షిణ ఉంటాయి కాబట్టి మన వైపు పౌర్ణమిని ఎవరూ మరిచిపోరు, ఆ రోజే పెట్టుకోండి. ముందు అద్దంలో చూడటం: చేతులు కిందికి, పైకి, నడుం మీద నొక్కి, ముందుకు వంగి. తర్వాత పడుకుని, చూసే వైపు భుజం కింద చిన్న దిండు పెట్టుకుని, ఆ చెయ్యి తల కింద పెట్టుకోండి. రెండో చేతి మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగంతో రూపాయి బిళ్లంత సున్నాలు చుడుతూ రావాలి. ఒక్కోచోట మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు నొక్కాలి. చంక నుంచి రొమ్ముల మధ్య ఎముక దాకా, మెడపట్టీ ఎముక నుంచి రొమ్ము కింది గీత దాకా నిలువు వరసల్లో రావాలి.

ఇట్లా మనమే చూసుకుంటే చాలదని కూడా చెప్పాలి. చైనాలోని షాంఘైలో 2.66 లక్షల మంది ఆడవాళ్లతో చేసిన పెద్ద అధ్యయనంలో, స్వయంగా చూసుకోవడం నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు సుమారు 1.5 లక్షల మందితో 20 ఏళ్లు నడిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అందుకే మీ ఊరి ఏఎన్‌ఎం రొమ్ము పరీక్ష చేస్తానంటే "నాకేమైంది" అని తలుపేసుకోకండి. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఈ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని, సుమారు 98 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. కొత్త కేసుల లెక్కతో పోలిస్తే మరణాలు సగానికి మించి ఉండటానికి ఆసుపత్రికి ఆలస్యంగా రావడం ఒక పెద్ద కారణం.

తేడా కనిపిస్తే తిరుపతిలో రుయా సర్జరీ ఓపీకి గానీ, స్విమ్స్‌కు గానీ, అలిపిరి దగ్గర తితిదే స్థలంలో టాటా ట్రస్టు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్లొచ్చు. చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి ఉంది, రాయవేలూరు సీఎంసీ కూడా దగ్గరే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం చేయించుకునేవాళ్లు ఆధార్, రైస్ కార్డు తీసుకుని ముందు ఆరోగ్యమిత్రను కలవండి. రాష్ట్రం దాటి వెళ్లాలనుకుంటే పథకం అక్కడ వర్తిస్తుందో లేదో బయల్దేరక ముందే అడగండి. ఓపీ చీటీ రాసేచోట సిగ్గుపడి "ఛాతీలో ఇబ్బంది" అంటే గుండె పరీక్షల వైపు పంపుతారు, ఒక పూట పోతుంది. "రొమ్ము చర్మంలో మార్పు" అని సూటిగా చెప్పండి. పరీక్ష చేసేది మగ డాక్టరైతే పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు.

అక్కడ మూడు పనులు జరుగుతాయి: చేత్తో చూడటం, స్కానింగ్, ముక్క పరీక్ష. 40 దాటినవాళ్లకు మామోగ్రామ్, చిన్న వయసులో ముందు అల్ట్రాసౌండ్. మామోగ్రామ్ రోజు చంకల్లో పౌడరు, సెంటు వద్దు, వాటిలోని రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా పడతాయి. చీర, జాకెట్ అయితే నడుం పైభాగం తీస్తే సరిపోతుంది. రొమ్మును పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కుతారు. రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అయితే క్యాన్సర్ గుర్తులేమీ లేవని. 3 అయితే ఆరు నెలల్లో మళ్లీ చూడాలి. 4, 5 అయితే ముక్క పరీక్ష. 0 అంటే ఏమీ లేదని కాదు, ఇంకా ఫిల్ములు కావాలని అర్థం. చాలామంది ఆ సున్నా చూసి సంతోషంగా ఇంటికి వెళ్లిపోతారు.

సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న మాట నమ్మకండి. ముక్క పరీక్ష లేకుండా ఏకంగా గడ్డ కోసేస్తే, తర్వాత ఎంత మేర తీయాలి, కీమో ముందా వెనకా అన్న నిర్ణయాలన్నీ చిక్కుపడతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సూదికి ముందే చెప్పండి. రిపోర్టులో క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్2 అన్న మూడు పరీక్షల ఫలితాలు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి, మందులు వాటిని బట్టే ఉంటాయి. రెండో అభిప్రాయం కోసం రాయవేలూరో చెన్నైయో వెళ్లేటప్పుడు కాగితాలు మాత్రమే పట్టుకెళితే సరిపోదు. ముక్కను మైనంలో పెట్టిన బ్లాకులు, గాజు స్లైడులు ల్యాబులో సంతకం పెట్టి తీసుకెళ్లండి. అవి లేకపోతే అక్కడ మళ్లీ సూది గుచ్చాల్సి రావొచ్చు.